గోడ మీద పడాల్సిన పువ్వు

మాదాపూర్‌లో ఒక మూడో అంతస్తు ఆఫీసు. మీరు ఒక కుర్రాడి కుర్చీ వెనక నిలబడి అతని తెర చూస్తున్నారు. వరంగల్‌లో కట్టబోయే హోటల్ లాబీ బొమ్మ అందులో తేలుతోంది. రెండరింగ్ ఇప్పుడే మొదలైంది కాబట్టి తెరంతా ఇసుక చల్లినట్టు గరగరలాడుతోంది. ముందు గోడలు తెలుస్తాయి. తరవాత నల్ల గ్రానైటు నేల, రిసెప్షన్ బల్ల. ఆ తరవాత రెండంతస్తుల ఎత్తు నుంచి వేలాడే ఇత్తడి దీపం. చూస్తుండగానే గరుకు తగ్గి, గోడల మీద వెలుగు పువ్వులు విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వుకి ఆరు రెక్కలు. రెక్కల అంచులు ఎంత పదునుగా ఉన్నాయంటే దూరం నుంచి లెక్కపెట్టొచ్చు.

పక్క కుర్చీలో ఉన్న ఆర్కిటెక్ట్ మేడం ముందుకు వంగుతారు. "చాలా బావుంది. ఇదే పంపించేద్దాం."

మీ వెనక ఇంకొకాయన ఉన్నారు. లైటింగ్ పనే చేస్తూ తల నెరిసిన మనిషి. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "పంపొద్దు మేడం. ఆ పువ్వులు ఆ గోడ మీద పడవు" అంటారు.

గది నిశ్శబ్దమవుతుంది. కుర్రాడు వెనక్కి తిరిగి చూస్తాడు. దీపం గీసింది తనే. ఎక్కడా తప్పు చేయలేదని అతనికి తెలుసు. నిజానికి చేయలేదు కూడా. సాఫ్ట్‌వేర్ తనకి చెప్పినదాన్ని చెప్పినట్టే చూపించింది. తేలాల్సింది ఒకటే, దానికి చెప్పిన దీపమూ, రేపు హోటల్లో వేలాడబోయే దీపమూ ఒకటేనా అన్నది.

"ఆ ఫ్యామిలీ ఓసారి తెరువు నాయనా" అంటారాయన.

కుర్రాడు దీపాన్ని ఎంచి 'ఎడిట్ ఫ్యామిలీ' నొక్కుతాడు. లాబీ మాయమై, ఖాళీ తెర మధ్యన ఇత్తడి గొట్టం ఒక్కటే మిగులుతుంది. 500 మిల్లీమీటర్ల వ్యాసం, 600 ఎత్తు, పైన మూత, కింద తెరిచి ఉంది, చుట్టూ రేకులో పువ్వుల ఆకారంలో కన్నాలు. రెవిట్ అనే ఈ సాఫ్ట్‌వేర్‌లో తలుపైనా, కుర్చీయైనా, దీపమైనా ఇలా విడిగా తయారయ్యే వస్తువునే ఫ్యామిలీ అంటారు. ఒకసారి సరిగ్గా చేసి పెట్టుకుంటే ఎన్ని భవనాల్లోనైనా దించుకోవచ్చు. సరిగ్గా చేయకపోతే ఆ తప్పు కూడా అన్ని భవనాల్లోకీ దిగుతుంది.

గొట్టం మధ్యలో ఒక పసుపు గుర్తు కనిపిస్తోంది చూడండి. వెలుగు పుట్టేది అక్కడ. దీపాల టెంప్లేటు తెరిచినప్పుడే ఆ గుర్తు మూడు ఆధార తలాల మీద కూర్చుని వస్తుంది: ముందు వెనకల ఇరుసు ఒకటి, కుడి ఎడమల ఇరుసు ఒకటి, ఎత్తు చెప్పేది ఒకటి. ఎత్తు తలాన్ని జరిపితే వెలుగు కూడా దానితో జరుగుతుంది. ఇక్కడ ఒక సంగతి బాగా మనసుకి పట్టించుకోవాలి. ఈ ప్రపంచంలో కనిపించే వస్తువుకీ, వెలుగుకీ చుట్టరికం లేదు. బల్బుని ఎంత అందంగా గీసినా అది వెలగదు. దాని మెటీరియల్‌కి 'స్వయంగా వెలిగే' గుణం తగిలిస్తే కంటికి వెలుగుతున్నట్టు కనబడుతుంది కానీ, గదికి ఎన్ని ల్యూమెన్లు అందాలన్న లెక్క దాని మీద పెట్టకూడదు. ఆ లెక్కంతా పసుపు గుర్తుది. ఆ గుర్తు చుట్టూ గాజు బల్బుని గట్టి ముద్దలా గీసి మూసేస్తే వెలుగు లోపలే చిక్కుకుంటుంది. లేదా గాజు గుండా దారి వెతుక్కుంటూ గంటల తరబడి చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. వెలగని దీపాల గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

కుర్రాడు 'లైట్ సోర్స్ డెఫినిషన్' పెట్టె తెరుస్తాడు. పై వరసలో వెలుగు ఏ ఆకారం నుంచి పుడుతుందో అడుగుతుంది: బిందువు, గీత, దీర్ఘచతురస్రం, వృత్తం. కింది వరసలో అది ఎలా పరుచుకుంటుందో అడుగుతుంది: గోళంలా, అర్ధగోళంలా, స్పాట్‌లా, ఫొటోమెట్రిక్ వెబ్ ప్రకారం. ఇప్పుడు బిందువు, గోళం ఎంచి ఉన్నాయి.

"అదిగో" అంటారు పెద్దాయన. "బిందువుకి సైజు లేదు. సైజు లేని బల్బు ఏ కొట్లో దొరుకుతుంది?"

ఆయన ఒక తెల్లకాగితం లాక్కుంటారు. మీరు కూడా దగ్గరికి జరగండి. ఈ పది నిమిషాల్లోనే అసలు సంగతంతా ఉంది.

ఎడమ చివర బల్బు. దానికి 250 మిల్లీమీటర్ల దూరంలో రేకు. బల్బు నుంచి 3 మీటర్ల దూరంలో గోడ. 3,000ని 250తో భాగిస్తే 12. రేకు మీద ఏ కొలత ఉన్నా గోడ మీద దానికి పన్నెండింతలవుతుంది. 40 మిల్లీమీటర్ల పువ్వు గోడ మీద 480, అడుగున్నర కంటే కాస్త ఎక్కువ. 8 మిల్లీమీటర్ల రెక్క 96. పక్కపక్క రెక్కల నడిమికీ నడిమికీ దూరం 14, అది గోడ మీద 168. పువ్వుకీ పువ్వుకీ దూరం 60, అది 720.

"ఇప్పుడు బల్బు సైజు వేద్దాం" అంటూ ఆయన బిందువు చుట్టూ ఒక సున్నా చుడతారు. వెలుగు పుట్టే చోటుకి వెడల్పు ఉంటే, దాని ఒక అంచు నుంచి వచ్చిన కిరణం ఒక చోట పడుతుంది, రెండో అంచు నుంచి వచ్చింది ఇంకోచోట పడుతుంది. ఆ రెంటి మధ్యా రెక్క అంచు చెదిరిపోతుంది. రేకు నుంచి గోడకి 2,750. దాన్ని 250తో భాగిస్తే 11. అంటే దీపం వెడల్పుకి పదకొండింతల చెదురు. బిందువుకైతే చెదురు సున్నా, అందుకే తెర మీద అంచు అంత పదును. అదే చోట మామూలు పాలరంగు ఎల్ఈడీ బల్బు పెడితే దాని వ్యాసం 60. పదకొండు అరవైలు 660.

ఆయన పెన్ను ఆపుతారు. "పువ్వే 480. దాని అంచు 660 చెదిరితే ఇంక పువ్వేది మేడం? గోడంతా ఒక్క లేత వెలుగు పరుచుకుంటుంది, అంతే."

ఇది ఇత్తడి దీపానికి మాత్రమే పట్టిన సంగతి కాదు. మామిడి చెట్టు కింద మిట్టమధ్యాహ్నం నేల మీద పడే వెలుగు మచ్చలు చూడండి. ఆకుల సందులు ఎంత వంకరటింకరగా ఉన్నా మచ్చలు గుండ్రంగానే ఉంటాయి. సూర్యుడు బిందువు కాదు, బింబం. ప్రతి సందూ ఆ బింబాన్నే నేల మీద దించుతుంది. గ్రహణం రోజున ఆ మచ్చలన్నీ నెలవంకలైపోయేది కూడా అందుకే.

మేడం కాగితం తన వైపు తిప్పుకుంటారు. "క్లియర్ బల్బు పెడితే?"

"పారదర్శక బల్బుల్లో ఎల్ఈడీ తీగలు విడివిడిగా నిలబడి ఉంటాయి. మొత్తం వెడల్పు 25 అనుకున్నా చెదురు 275. రెక్కకీ రెక్కకీ దూరం 168 కాబట్టి రెక్కలు కలిసిపోతాయి. పువ్వులు మచ్చల్లా మిగలొచ్చు." ఆయన కాగితం చివర ఇంకో అంకె వేస్తారు. "10 మిల్లీమీటర్ల కాబ్ చిప్ పెడితే చెదురు 110. అంచు మెత్తబడుతుంది, కానీ రెక్కకీ రెక్కకీ మధ్య నీడ నిలబడుతుంది."

కాబ్ అంటే చిన్న చిన్న ఎల్ఈడీ చిప్‌లన్నీ ఒకే పలక మీద దగ్గరగా పేర్చి, పైన పసుపు పూత పూసిన బిళ్ళ. దాని వెనక వేడి లాగే అల్యూమినియం దిమ్మె కావాలి. అది మూత కింద దాగుతుంది, ముఖం నేల వైపు ఉంటుంది. ఇది రెవిట్‌కి చెప్పడం తేలిక. ఆకారం వృత్తం, వ్యాసం 10. చదునుగా పడుకున్న బిళ్ళకి చదునుగా పడుకున్న వృత్తం సరిగ్గా సరిపోతుంది.

పాలరంగు బల్బుకైతే అది సరిపోదు. వృత్తం అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి గోడ వైపు నుంచి చూస్తే సన్నటి గీత, బల్బేమో అన్ని వైపుల నుంచీ గుండ్రం. పోలిక మేడంకి చూపించడానికి కుర్రాడు ఆ బల్బు ఫ్యామిలీని కూడా కడతాడు. ఒక ఫ్యామిలీలో ఒక్క వెలుగు గుర్తే ఉంటుంది. అందుకని చిన్న దీపపు ఫ్యామిలీని విడిగా చేసి, దాన్నే బల్బు ఉపరితలానికి కొంచెం బయటగా పైన, కింద, నాలుగు పక్కలా కూర్చోబెడతాడు. మొత్తం ల్యూమెన్లని ఆరింటికీ పంచుతాడు. ఆరు బిందువులు గోళం కావు, ఆరు నీడలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అయినా బిందువు కంటే నిజానికి ఎంతో దగ్గర. రెండు బొమ్మలూ పక్కపక్కన తెర మీదకి వచ్చాక మేడం ఏమీ అనరు. ఒకదాంట్లో పూల గోడ. ఇంకోదాంట్లో పువ్వు ఏదో తెలియని గోడ. దీపం అదే, ఇత్తడి అదే, రేకు మీద పూలు అవే.

మర్నాడు పొద్దున్నే, ఆ రేకు పని చేసేవాళ్ళ దగ్గరికి బయల్దేరిన కారులో మీరూ ఉన్నారు. ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు దాటాక, జనగామ ఇంకా రాకముందే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచీ ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు మీదికే సుత్తి చప్పుడు వినబడుతుంది. లోపలికి వెళితే నేల మీద లక్క దిమ్మె, దాని మీద అతికించిన రేకు, రేకు మీద ముగ్గులా గీసిన గీతలు. గీతలకి లోపల ఉలి నిలబెట్టి సుత్తితో టక్కుమని ఒక్క దెబ్బ, ఉలి కొంచెం జరుగుతుంది, మళ్ళీ టక్. రెక్క చుట్టూ తిరిగి వచ్చేసరికి ఇత్తడి ముక్క ఊడి పడుతుంది.

కుర్రాడు తన ప్రింటు విప్పి పరుస్తాడు. పెద్ద మేస్త్రి దాని మీద వేలు నడిపించి, "పువ్వు మంచిగుంది తమ్మీ" అని, కాసేపాగి, "గొట్టం చుట్టినంక అతుకు యాడ పెడ్తరు?" అంటాడు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. తెర మీద గొట్టానికి అతుకు ఉండదు. అక్కడ వృత్తం గీసి పైకి లాగితే గొట్టం తయారు. ఇక్కడ రేకు మొదట చదునుగా ఉంటుంది, కన్నాలన్నీ కొట్టాక గుండ్రంగా వంచుతారు, రెండు అంచులూ ఒకచోట కలవాలి.

"అతుకు మీద పువ్వు కొట్టరాదు సార్. కొడితే చీలుతది. మూడేళ్ళంత సాపుగ ఇడ్సాలె."

మూడు వేళ్ళంటే సరిగ్గా ఒక పువ్వు వరస. పెద్దాయన అప్పటికే మనసులో పన్నెండుతో గుణించేశారు. 60 పన్నెండ్లు 720. లాబీ గోడ మీద, నేల నుంచి పైదాకా, దాదాపు రెండున్నర అడుగుల వెడల్పున వెలుగు లేని పట్టీ. ఏ బొమ్మలోనూ అది లేదు. ఆ పట్టీ ఎటు తిరగాలో ఇప్పుడే తేల్చకపోతే, దీపం వేలాడదీసే రోజున నిచ్చెన మీద ఉన్న మనిషి చేతికి ఎటు వస్తే అటు తిరుగుతుంది. రిసెప్షన్ వెనక గోడ మీదే పడిందనుకోండి, ఇంత పనీ బూడిదలో పోసిన పన్నీరే.

నా దృష్టిలో ఆ పొద్దుటి ప్రయాణం మొత్తం ఆ ఒక్క ప్రశ్నతోనే సార్థకమైంది. వస్తువు ఎలా తయారవుతుందో తెలియకుండా దాని నమూనా గీస్తే, అది ఎక్కడో ఒకచోట తయారీకి లొంగని వస్తువవుతుంది. తయారు చేసేవాడిని ముందే అడగాలి, ఆఖర్న కాదు.

తిరిగి వచ్చాక కుర్రాడు పాత గొట్టాన్ని చెరిపేస్తాడు. మేస్త్రి చేసే పద్ధతిలోనే తనూ చేయాలని అతనికి తోచింది. 500 వ్యాసమున్న గొట్టం చుట్టుకొలత సుమారు 1,571. 60 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు 26 పడతాయి. గుండ్రటి రేకు గుండా వందల కన్నాలు తొలచమంటే రెవిట్ మూలుగుతుంది. చదును పట్టీ మీద అయితే పదే పది పువ్వులు, అరవై రెక్కలు, ఒక్క స్కెచ్‌లో గీసి 1 మిల్లీమీటరు మందంతో పైకి లాగితే చాలు. ఆ పట్టీ ఒక ఫ్యామిలీ. దాన్ని ఇరుసు చుట్టూ 25 సార్లు తిప్పి పేరుస్తాడు. ఇరవయ్యారోది సాదా పట్టీ, అదే అతుకు. 26 పలకల గొట్టం గుండ్రటి గొట్టం నుంచి ఎక్కడా రెండు మిల్లీమీటర్లకి మించి తేడా పడదు. కంటికి గుండ్రమే. మొత్తం 250 పువ్వులు, 1,500 రెక్కలు.

ఇంకో దారి కూడా ఉంది. నలుపు తెలుపుల బొమ్మ ఒకటి మెటీరియల్‌లో కటౌట్‌గా పెడితే, నల్లటి చోట్ల రేకు లేనట్టు కనిపిస్తుంది. ఫైలు తేలిగ్గా ఉంటుంది. ఫెన్సింగ్ జాలీకి, దూరంగా కనబడే రేకుకి అది చాలు. కానీ రేకుకి మందం ఉన్నప్పుడు ఆ బొమ్మ లోపలి ముఖం మీదా బయటి ముఖం మీదా వేరువేరుగా పరుచుకుంటుంది. రెండూ కచ్చితంగా ఒకదాని వెనక ఒకటి రాకపోతే కన్నం సగం మూసుకుపోతుంది. నీడే ముఖ్యమైన చోట ఆ దారి పట్టకూడదు.

బరువు సంగతీ చూడాలి. ప్లాన్‌లో, సెక్షన్‌లో ఈ 1,500 రెక్కలు ఎవరికీ అక్కర్లేదు. అందుకని కుర్రాడు ఫ్యామిలీ లోపలే ఒక సాదా గొట్టాన్ని కూడా గీసి, దాన్ని 'కోర్స్', 'మీడియం' వివరాల్లో మాత్రమే కనబడేలా పెడతాడు. పూల పట్టీలు 'ఫైన్'లోనే బయటికి వస్తాయి. రెండరింగ్ చేసే త్రీడీ వ్యూ ఒక్కటే ఫైన్‌లో ఉంటుంది. అతుకు ఎటు తిరగాలో చెప్పడానికి ఒక కోణం పారామీటరు కలుపుతాడు, డిగ్రీల్లో.

ఇక వెలుగు ఎంత? పెద్దాయన నోట్‌ప్యాడ్ తెరుస్తారు, మీరు ఆశ్చర్యపోతారు. ఫొటోమెట్రిక్ వెబ్ అనగానే ఏదో గూఢమైన ఫైలనిపిస్తుంది కానీ, దానికి ఇచ్చే ఐఈఎస్ ఫైలంటే మామూలు అక్షరాలూ అంకెలే. 1906లో అమెరికాలో పుట్టిన ఇల్యూమినేటింగ్ ఇంజినీరింగ్ సొసైటీ ఈ రూపాన్ని ఎల్ఎం-63 పేరుతో 1986లో స్థిరపరిచింది. అదే ఏడాది జేమ్స్ కజియా వెలుగు ఒక ఉపరితలం నుంచి ఇంకో ఉపరితలానికి ఎలా చేరుతుందో చెప్పే రెండరింగ్ సమీకరణాన్ని ప్రచురించాడు. దీపం ఎటు ఎంత వెలుగు చిమ్ముతుందో మొదటిది చెబితే, ఆ వెలుగు తరవాత ఏమవుతుందో రెండోది చెబుతుంది. నేటి రెండరింగ్ ఈ రెంటి మీదా నిలబడింది.

ఆయన ఫైల్లో పై వరసల్లో పేరు, దీపం వివరం రాస్తారు. తరవాత దీపాలు ఒకటి, ల్యూమెన్లు 700, కొలత మీటర్లలో. ఆ కింద కోణాలు. సున్నా డిగ్రీలంటే సూటిగా నేల వైపు, 90 అంటే అడ్డంగా. వాటి కింద ఆయా కోణాల్లో ఎన్ని క్యాండెలాలో. నేల వైపు ముఖం పెట్టిన చదును బిళ్ళ వెలుగు కోణం పెరిగేకొద్దీ కొసైన్ ప్రకారం తగ్గుతుంది. లాంబర్ట్ 1760లో చెప్పిన సూత్రం ఇది. 700ని π (పై)తో భాగిస్తే 223, అది సున్నా దగ్గర. 30 డిగ్రీల దగ్గర 193. 45 దగ్గర 158. 60 దగ్గర 111. 90 దగ్గర సున్నా. గుండ్రటి బిళ్ళ కాబట్టి ఏ పక్కకి తిరిగినా ఒకటే, అందుకని అడ్డకోణం ఒక్కటే చాలు. పై వరసలో టెస్టు అన్న చోట 'కొలిచింది కాదు, లెక్క కట్టింది' అని రాసి సేవ్ చేస్తారు. ఆ ఒక్క మాట రాయడం నాకు ఎంతో నచ్చింది. రేపు ఈ ఫైలు ఎవరి చేతికి వెళ్ళినా దాని విలువ ఎంతో వాళ్ళకి తెలుస్తుంది.

కుర్రాడికి సందేహం. "సార్, ఇత్తడి పెండెంట్‌కి కంపెనీలు ఇచ్చే ఐఈఎస్ ఫైళ్ళు నెట్‌లో ఉంటయ్ కదా. అట్లాంటిదొకటి పెట్టేస్తే?"

"అది షేడుతో సహా కొలిచింది నాయనా. గోనియోఫొటోమీటర్ మీద మొత్తం దీపాన్ని పెట్టి, కోణం కోణానికీ బయటికి ఎంత వస్తుందో చూస్తారు. షేడు ఆపిన వెలుగు అందులో అప్పటికే తీసేసి ఉంటుంది. దాన్ని తెచ్చి నీ షేడు లోపల పెడితే అదే వెలుగుని రెండోసారి ఆపినట్టు."

షేడుతో కొలిచిన ఫైలు పెట్టాలంటే వెలుగు గుర్తు షేడు బయటికి, కిందికి రావాలి. అప్పుడు గది వెలుగు సరిగ్గా వస్తుంది, పూల నీడ రాదు. నీడ కావాలంటే లోపలి బిళ్ళ ఫైలే పెట్టి, ఆపే పని గీసిన ఇత్తడికి అప్పగించాలి. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. రెండూ ఒకే గుర్తుతో దొరకవు.

ఫైలు పెట్టి, రంగు 2,700 కెల్విన్ ఇచ్చి, రెండరింగ్‌లో 'ఇంటీరియర్, ఆర్టిఫిషియల్ మాత్రమే' ఎంచి నొక్కుతారు. బొమ్మ వస్తుంది. పూలు ఉన్నాయి, కానీ పట్టి చూస్తే తప్ప తెలియడం లేదు.

మేడం మొహం వాడుతుంది. "ఎక్స్‌పోజర్ పెంచు" అంటారు కుర్రాడితో.

ఎక్స్‌పోజర్ పెంచితే అన్నీ పెరుగుతాయి, పువ్వూ, గోడా, నేలా. వైట్ పాయింట్ తగ్గిస్తే నారింజ ఛాయ విరుగుతుంది. కెమెరా చేసే పనులే ఇవి, తప్పేం కాదు. కానీ పువ్వు వెలుగుకీ గోడ వెలుగుకీ ఉన్న నిష్పత్తిని అవి మార్చలేవు. ఆ నిష్పత్తి ఎంతో కాగితం మీద తెలుస్తుంది. 60 డిగ్రీల దగ్గర 111 క్యాండెలాలు. అక్కడి నుంచి గోడకి 3.46 మీటర్లు. దూరం వర్గంతో భాగించి, గోడకి వెలుగు ఏటవాలుగా తగులుతోంది కాబట్టి ఆ మేర తగ్గిస్తే 8 లక్స్. లాబీకి మేడం పెట్టుకున్నది 150 లక్స్. మిగతా డౌన్‌లైట్ల వల్ల ఆ గోడ మీద 50 పడినా, 50 మీద 8 ఎవరి కంటికి ఆనుతుంది?

పెద్దాయన ఇంకో లెక్క కూడా చెబుతారు. బిళ్ళ నుంచి షేడు కింది అంచుకి 500 మిల్లీమీటర్లు, పక్కకి 250. ఆ లెక్కన 700 ల్యూమెన్లలో అయిదో వంతు, 140, సూటిగా కిందికి పోతాయి. మిగతా 560 ఇత్తడికి తగులుతాయి. రేకులో కన్నాల వాటా ఎనిమిదో వంతు, అంటే పూలగుండా సూటిగా బయటపడేవి 70 ల్యూమెన్లు. తక్కినది ఇత్తడి లోపల అటూ ఇటూ కొట్టుకుని కొంత బయటికి వస్తుంది, కొంత వేడిగా మారుతుంది. "ఈ దీపం గదికి వెలుగిచ్చేది కాదు మేడం. ఈ దీపం పూలు పూయించడానికి. గదికి వెలుగు వేరే ఇద్దాం."

అక్కణ్ణించి పని చకచకా సాగుతుంది. బిళ్ళని 1,400 ల్యూమెన్లకి పెంచుతారు. ఐఈఎస్ ఫైల్లో అంకెలన్నీ రెట్టింపవుతాయి, గోడ మీద పువ్వు 16 లక్స్ అవుతుంది. వేడి ఎక్కువ కాబట్టి మూతకి గాలి రంధ్రాలు కావాలని మేస్త్రికి ఫోను వెళుతుంది. డౌన్‌లైట్లని ఆ గోడ నుంచి దూరంగా జరుపుతారు. లైట్లని రెండు గుంపులు చేసి, సాయంత్రానికి డౌన్‌లైట్ల గుంపుని 'ఆర్టిఫిషియల్ లైట్స్' జాబితాలో 0.3కి తగ్గిస్తారు. హోటల్లో కూడా ఆ గుంపుకి డిమ్మర్ ఉండాలని ఎలక్ట్రికల్ డ్రాయింగ్‌లో రాస్తారు. లేకపోతే బొమ్మలో తగ్గించడానికి అర్థమే లేదు.

మీరు ఉండి చూడాల్సిన ఘట్టం ఇంకొకటుంది. పెంబర్తి నుంచి ఒక నమూనా వస్తుంది. మొత్తం దీపం కాదు, ఎత్తులో సగమే, అతుకు మాత్రం అసలుదే. ఆఫీసు స్టోర్ రూంలో కిటికీకి నల్లగుడ్డ కట్టి, బిళ్ళ నేలకి సరిగ్గా 2 మీటర్ల పైన ఉండేలా వేలాడదీస్తారు. లైట్లన్నీ ఆపుతారు. పెద్దాయన లక్స్ మీటరు నేల మీద పెడతారు. 1,400కి సూటి వెలుగు 446 క్యాండెలాలు, నాలుగుతో భాగిస్తే 111 లక్స్ ఉండాలి. మీటరు అంతకంటే ఎక్కువే చూపిస్తుంది. ఆయన తలూపుతారు. ఆ ఎక్కువలో చాలాభాగం ఇత్తడి లోపలి గోడ తిప్పికొట్టినది. మెరుగు పెట్టిన ఇత్తడి ఎంత తిప్పికొడుతుందో ఇప్పుడు చేతికి దొరికింది. రెవిట్ బొమ్మ లక్స్ అంకెలు చెప్పదు కాబట్టి, అదే ఫైలుని డయాలక్స్ అనే వెలుగు లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కూడా వేసి, ఇత్తడి లోపలి ముఖం ప్రతిఫలనాన్ని మీటరుతో కలిసేదాకా సర్దుతారు. సర్దిన ఆ విలువకి తగ్గట్టే రెవిట్ మెటీరియల్‌నీ మారుస్తారు.

కుర్రాడు గోడ ఫొటో తీసి, అదే గది మోడల్లో రెండరింగ్ చేసి, రెండూ పక్కపక్కన పెడతాడు. ఫొటోలో రెక్కల అంచులు మెత్తగా ఉన్నాయి, బొమ్మలోనూ అంతే. ఫొటోలో కొన్ని రెక్కలు సన్నం, కొన్ని లావు. ఉలి పని అలాగే ఉంటుంది. బొమ్మలో అన్నీ ఒకటే. అతుకు పట్టీ రెండింట్లోనూ ఒకచోటే నల్లగా నిలబడింది. మేడం చాలాసేపు చూసి, "మొదటి బొమ్మ కంటే ఇదే బావుంది. ఇందులో రెక్కకి మెత్తదనం ఉంది" అంటారు. నాకూ అలాగే అనిపించింది. పదును లేని అంచులో ఇత్తడి, దీపం, గోడ మూడూ కలిసి ఉన్న సంగతి తెలుస్తుంది.

క్లయింటుకి వెళ్ళేది ఆ బొమ్మే. కానీ సైటుకి వెళ్ళేది బొమ్మ కాదు, లైటు ఫిక్చర్ల షెడ్యూలు. రెండేళ్ళ తరవాత ఒక బిళ్ళ కాలిపోతే హోటల్ ఎలక్ట్రీషియన్ చూసేది కూడా దాన్నే. అందుకని కుర్రాడు ఫ్యామిలీ టైపు గడులు ఒక్కొక్కటే నింపుతాడు. వెలుగు పుట్టే వ్యాసం 10 మిల్లీమీటర్లు. 1,400 ల్యూమెన్లు. 2,700 కెల్విన్. వ్యాఖ్యల గడి దగ్గర ఆగి పెద్దాయన వైపు చూస్తాడు. ఆయన చెబుతుంటే టైపు చేస్తాడు: "పాలరంగు బల్బు గానీ, 10 మిల్లీమీటర్ల కంటే పెద్ద కాబ్ గానీ వేయరాదు. అతుకు లిఫ్టు గోడ వైపు తిప్పి బిగించాలి."